పలుగు గనిలో పెత్రమాస

మెదక్ పట్నం చివర ఉన్న పలుగురాళ్ల గనిని అటవీశాఖ వాళ్లు పార్కు చేశారు. తెల్లరాయి తవ్విన గుంట చుట్టూ వేపలు, కానుగలు పెరిగాయి. పొద్దున్నే జనం నడకకు వస్తారు. గేటు దగ్గరి బోర్డు మీద గని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు మూతపడిందో ఉంది. ఎందుకు మూతపడిందో లేదు. గట్టు కూలింది. దాని కింద మా నాన్న భూమయ్య ఉన్నాడు. రాళ్లు కదిపితే మిగిలింది కూడా కూలుతుందని నాన్నను బయటికి తీయలేదు. తర్వాత గుంటలో నీళ్లు నిండాయి. అప్పటికి నాకు బడికి పోయే ఈడు కూడా రాలేదు.

పోయినవాళ్లకు అన్నం పెట్టే పెత్రమాస నాడు అమ్మ అక్కడే విస్తరి వేస్తుంది. కాకి ముట్టేదాకా పచ్చి మంచినీళ్లు కూడా తాగదు. చెట్లు పెరిగాక కోతులు చేరాయి, కాకులు ఊళ్లోకి పోయాయి. పోయిన ఏడు ఒక్క కాకీ రాలేదు. మర్నాటిదాకా పస్తుండి అమ్మ దవాఖానలో పడింది. ఈసారీ రాకపోతే ఏం చేయాలో నేను ఆలోచించాలి. ఆలోచించడం లేదని గమనించాను.

ఈ ఏడు గేటు దగ్గర వాచర్ వెస్లీ మా టిఫిన్ డబ్బా చూశాడు.

"పెద్దమ్మా, లోపట తినుడు బంద్. కోతులు ఎగవడ్తయి."

"తినేది నేను గాదు. మా ఇంటాయన."

వెస్లీ నావైపు చూశాడు. నేను చెట్లవైపు చూశాను.

"మా కిరస్తానోళ్ల తాన గిసొంటియి ఉండయి గానీ, జల్ది పెట్టి రాండ్రి. సారొస్తే నన్నంటడు."

గుంట చుట్టూ వేసిన కంచె పక్కన అమ్మ విస్తరి పరిచి అన్నం, పప్పు, గారెలు పెట్టింది. ఎండెక్కింది. ఆమె పెదాలు తెల్లబడ్డాయి. కాకి లేదు.

కోతి వచ్చింది, ముసలిది. నా పక్కనే కర్ర ఉంది. చెయ్యి లేవలేదు. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు దాన్ని చూశాను.

"అమ్మా, కొట్టాల్నా?"

"ఆగు."

విస్తరికి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని కోతి గారె నములుతోంది. అమ్మ చాలాసేపు చూసింది.

"మీ నాయిన గిట్లనే తింటుండె. ఎవలన్న గుంజుకుంటరేమో అన్నట్టు." నావైపు చెయ్యి చాపింది: "ముట్టిండు తీయ్. నీళ్లియ్యి."

బాటిల్ ఇచ్చాను. గటగటా తాగింది.

నాన్న తినడం గుర్తు తెచ్చుకోవాలని కళ్లు మూసుకున్నాను. కోతే కనిపించింది. కళ్లు తెరిచి, అది తినడం అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను.