పోశవ్వ పక్క మేకు

బెల్లంపల్లిలో మా వాడ ఆడవాళ్ళకు మెడలో నగ లేకపోయినా నడిచేది గానీ, రామచంద్రం కిరాణా దుకాణం గోడకు మేకు లేకపోతే నడిచేది కాదు. ఒక్కో ఇంటికి ఒక్కో మేకు, దానికి ఆ ఇంటి గుడ్డసంచి. పొద్దున పోయి కావలసినవి చెప్పి వస్తే, సాయంత్రానికి నిండిన సంచులు గల్లా పక్కన వరుసగా కూర్చునేవి. సామాను ఇంట్లో పోసుకుని ఖాళీ సంచి మళ్ళీ తెచ్చి తగిలించాలి.

1988లో మా ఆయనకు బొగ్గుబాయిలో కొలువు దొరికి, ఆదిలాబాద్ దగ్గరి పల్లె నుంచి కొత్తగా వచ్చాను. నాకూ ఒక మేకు కావాలంటే రామచంద్రం నవ్వాడు.

"గోడ నిండింది సక్కుబాయీ. గీ కొత్త కవర్ల పట్టుకపో. సంచి మోసే ఫికరే లేదు."

నా ఫికరంతా ఆ ప్లాస్టిక్ కవరుతోనే. లోపలున్నదంతా బయటికే కనిపించేది. జీతం రాకముందు వారం పావుకిలో పప్పు తెచ్చుకుంటే, మా పొయ్యి మీద ఏముందో అరుగుల మీద కూర్చున్న అందరికీ తెలిసిపోయేది. "పావుకిలోనేనా? మీ ఆయనకు ఉపాసమా?" అని పోశవ్వ అడిగిన రోజు నాకు ఒళ్ళు మండింది. పోశవ్వ మా వాడకు పెద్దదిక్కు. చక్కెర బీమారి ఉందని దవాఖానలో చెప్పినప్పటి నుంచి తీపి ముట్టలేదని గొప్పగా చెప్పుకునేది. చక్కెర లేని చాయ్ అందరి ముందే తాగేది.

మేకు లేకపోతే పీడాపోయె, సంచి ఉంటే చాలనుకున్నాను. మా ఆయన బాయికి వేసుకుపోయే ఖాకీ ప్యాంటు చిరిగితే, దాని కుట్లు విప్పి సంచి కుట్టాను. కుట్టు కాస్త వంకర పోయింది, పోనీ. పొద్దున్నే దాన్ని రామచంద్రం ముందు పడేశాను.

"గిండ్ల నింపు సేటు. కవర్ల ఇస్తే సామాను గీడనే ఇడిసిపెట్టి పోత."

అతను గొణుక్కుంటూనే తీసుకున్నాడు.

సాయంత్రం గల్లా పక్కన ఖాకీ సంచి కనిపిస్తే తీసుకుని, వాడంతా తల ఎత్తుకుని నడిచాను. ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఆ నాలుగు అడుగులు ఎంత హాయిగా ఉన్నాయో!

ఇంట్లో విప్పితే పైన ఉల్లిగడ్డలు, కింద కిలో బెల్లం, ఇంకా కింద బెల్లంతో చేసిన పల్లిపట్టీల పొట్లం. ఇవేవీ నేను చెప్పినవి కావు. తిప్పి చూస్తే కుట్టు తిన్నగా ఉంది. బాయి ప్యాంట్లు ఒక్క మా ఇంట్లోనే చిరుగుతాయా? అది పోశవ్వ సంచి.

నవ్వు ఆగలేదు. అరుగుల ముందు దాన్ని విప్పితే చాలు, నా పావుకిలో పప్పుకు బదులు తీరిపోతుంది. తలుపు దాకా పోయాను కూడా. కానీ అంత పెద్ద మనిషి ఎవరికీ కనబడకుండా బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం తలుచుకుంటే మనసొప్పలేదు. ఉల్లిగడ్డలు మళ్ళీ పైన పేర్చి, వెనక సందులోంచి వాళ్ళింటికి పోయాను.

పోశవ్వ నా సంచి పట్టుకుని పరేషాన్‌గా వాకిట్లోనే ఉంది.

"ఇప్పినవా?" అంది మెల్లగా.

"ఉల్లిగడ్డలు కనవడ్డయి అవ్వా. గంతే. జర తక్కువ తిను, గసొంటి ఉల్లిగడ్డలు పానానికి మంచియి కావు."

ఆమె తన సంచి తీసుకుని నాది నా చేతికిచ్చింది. "నీ సంచిల గూడ నేనేం సూడలే బిడ్డా."

చూసిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

మరునాడు దుకాణంలో పోశవ్వ గొంతు వాడంతా వినబడింది. "గోడ నిండిందా? నా మేకు పక్కపొంటి కొట్టు. గీ పోరి సంచి గాడనే ఉండాలె. నీకు గుర్తు తెల్వదని నా సంచికి ఎర్రగుడ్డ కుట్టిన, సూడు."

రామచంద్రం లోపలికి పోయి సుత్తి తెచ్చాడు.

ఆ సాయంత్రం దుకాణంలోనే విప్పి చూసుకుంటే, నా సంచి అడుగున నేను చెప్పని పల్లిపట్టీ ఒకటి ఉంది. ఇదేమిటని రామచంద్రాన్ని అడిగితే, "పోశవ్వ ఏయమన్నది. నీకేనట" అన్నాడు.

ఆ ఊళ్ళో నా కోసమని ఒకరు ఏదైనా కొనడం అదే మొదలు. ఇంటికి వచ్చి, నిలబడే మొత్తం తినేశాను. మా ఆయనకు చిన్న ముక్క కూడా మిగల్చలేదు.