ఆదరణ కూడిక

నాన్న కోసం మా చర్చిలో చేసే ప్రార్థన ఎప్పుడు మారిందో నాకు తెలుసు. మొదట్లో పాస్టరుగారు "ప్రభువా, మా సోదరుడు కొండబాబును క్షేమంగా ఒడ్డుకు చేర్చు" అనేవారు. అందరూ గట్టిగా ఆమేన్ అనేవాళ్లు. నవంబరులో ఒక ఆదివారం ఆయన "కొండబాబు కుటుంబాన్ని ఆదరించు తండ్రీ" అన్నారు. ఆ రోజు ఆమేన్ మెల్లగా వినిపించింది. అమ్మ అనలేదు. కళ్లు తెరిచి ఆయన వైపు చూసింది. నా కళ్లు కూడా తెరిచే ఉన్నాయి కాబట్టి నాకు కనిపించింది.

అక్టోబరులో వాయుగుండం పట్టే ముందు నాన్న, సూరయ్య మావ ఒకే బోటులో వేటకు వెళ్లారు. బోటు తిరగబడింది. సూరయ్య మావను భావనపాడు బోటువాళ్లు పైకి లాగారు. నాన్న కనబడలేదు. బోటు దొరికింది, ఇంజను దొరికింది, నాన్న ఒక్కడే దొరకలేదు.

ఏదో పెద్ద ఓడ నాన్నను ఎక్కించుకుని ఉంటుందని అమ్మ నమ్మకం. ఓడ రేవు చేరాక ఫోన్ చేస్తాడని చెప్పేది. అందుకని తెలియని నంబరు నుంచి ఏ ఫోన్ వచ్చినా ఎత్తేది. అవతల రికార్డు చేసిన గొంతు ఏదో స్కీము గురించి చెబుతుంటే, మధ్యలో ఇంకెవరైనా మాట్లాడతారేమోనని చివరి దాకా వినేది.

మా సంఘంలో మనిషి పోతే, సమాధి చేసిన కొన్నాళ్లకు ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెడతారు. పాటలు పాడతారు, వాక్యం చెబుతారు, పోయినవాళ్ల గురించి నాలుగు మాటలు మాట్లాడి అందరికీ భోజనం పెడతారు. అది అయ్యాకే ఆ ఇంటివాళ్లు మళ్లీ పెళ్లిళ్లకూ పండగలకూ తిరుగుతారు. పాస్టరుగారు ఈ మాట ఎత్తినప్పుడు అమ్మ ఆయన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"కూడిక దేనికండి? ఎవరు పోనారని?" అంది.

ఆయన టీ తాగి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

అప్పటినుంచి మా ఇంటికి మనుషులు రావడం తగ్గింది. వాళ్లకు మా మీద కోపం లేదు. వస్తే ఏం మాట్లాడాలో తెలియక రాలేదు. ఏడిస్తే అమ్మకు కోపం వస్తుంది, నవ్వితే బాగుండదు. అమ్మ తెల్లవారి ఒడ్డుకు వెళ్లి వేలంపాటలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ల మీదకు పోయేది. ఒడ్డున ఆడవాళ్లు ఆమెతో చేపల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడేవాళ్లు కాదు.

డిసెంబరులో యూత్ వాళ్లు కేరల్స్‌కి ఇంటింటికీ తిరిగారు. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాది డప్పు కొట్టరు. ఒక పాట మెల్లగా పాడి ప్రార్థన చేసి వెళ్లిపోతారు. మా వీధి మొదట్లో ఆగి వాళ్లు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. తరువాత ఒకతను అరుగు మీద కూర్చున్న నా దగ్గరకొచ్చి, "ఆశ్రితా, కొట్టాలా, ఒద్దా?" అని అడిగాడు. మామూలుగానే నేను ఎవరితోనూ మాట్లాడను, దీనికేం చెబుతాను.

లోపల్నుంచి అమ్మే అంది. "ఏట్రా, ఊరంతా కొట్టి, నా ఇంటికొచ్చీసరికి చేతులు నొప్పెట్టినాయా?"

వాళ్లు కొట్టారు. కానీ డప్పు మీద దుప్పటి కప్పినట్టు ఉంది ఆ చప్పుడు. అమ్మ అందరికీ చేగోడీలు పంచింది. వాళ్లు జేబుల్లో వేసుకున్నారు, అక్కడ ఎవరూ తినలేదు.

క్రిస్మస్‌కు ముందు శనివారం మా చర్చిలో విధవరాళ్లకు చీరలు, బియ్యం ఇస్తారు. తరువాత అందరికీ ప్రేమ విందు. ఇది ఏటా ఉండేదే. మా చర్చివాళ్లనే కాదు, గంగమ్మను కొలిచే ఇళ్లలోని విధవరాళ్లను కూడా పిలుస్తారు. మా నానమ్మ గున్నమ్మ అలా వచ్చి తీసుకునేది. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. "మీ ఏసుకి నామీద కోపం నేదు, నాకూ ఆయన మీద నేదు" అంటుంది.

ఆ వారంలో పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చారు. చేపల గంప బయట బోర్లించి ఉంది, దాని పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు.

"తులసీ, శనివారం నీ పేరు కూడా పిలిపించమంటావా? చీర సంగతి వదిలెయ్యి, బియ్యం అయినా పిల్లకు ఉంటాయి."

"అవి విధవరాళ్లకి కదండీ."

"అవుననుకో. కానీ నీ పరిస్థితి..."

"నా పరిస్థితికి ఏటయ్యిందండి? చేపలమ్ముకుంటన్నాను, బతుకుతన్నాను. నా పేరు పిలవొద్దు."

పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకుని, అమ్మ చూడకముందే లేచి వెళ్లిపోయారు. నానమ్మ అరుగు మూలన కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

శనివారం చర్చి ముందు టెంటు వేశారు. స్టేజీ మీద మైకు, మండలం నుంచి వచ్చిన పెద్దాయన, ఆయనకు వేసిన శాలువా, చీరల కట్టలు. ఆ పెద్దాయన ప్రేమ గురించి, రోడ్డు గురించి, మళ్లీ ప్రేమ గురించి మాట్లాడారు. తరువాత సంఘ పెద్ద జగన్నాధం గారు మైకు తీసుకున్నారు.

"అమ్మలూ, పేరు పిలిచినవాళ్లు రండి. తోసుకోకండి. చీరలన్నీ ఒకటే రంగు."

"అదే కదయ్యా మా బాధ" అంది ముందు వరసలోని అసిరమ్మ. "పోయినేడు ఇచ్చింది ఒక్కసారి ఉతికితే దోమతెర అయిపోనాది."

"దోమలు కుట్టకుండా అయినా పనికొచ్చింది కదా" అన్నారు ఆయన. టెంటంతా నవ్వింది. అమ్మ కూడా కొంచెం నవ్వింది. నేను, అమ్మ, నానమ్మ మధ్య వరసలో కూర్చున్నాం.

ఒక్కొక్కరూ వెళ్లి చీర, బియ్యం సంచి తీసుకుని, ఫొటోకు నిలబడి, దిగి వస్తున్నారు. ప్రతి ఒక్కరికీ చప్పట్లు కొడుతున్నారు. నానమ్మ కూడా వెళ్లి తెచ్చుకుంది. ఆమె వచ్చి కూర్చుంది. అప్పుడు జగన్నాధం గారు, "కొండబాబు భార్య, తులసి" అన్నారు.

చప్పట్లు ఆగిపోయాయి.

అమ్మ కదల్లేదు. నా చెయ్యి పట్టుకుని ఉంది, ఆ పట్టు బిగుసుకుంది. "తప్పు పిలిసినారు" అంది నాతో.

"తప్పు కాదే" అంది నానమ్మ. "నానే సెప్పినాను, నీ పేరు పిలవమని."

జగన్నాధం గారు ఇటు చూసి, ఏమనుకున్నారో, మళ్లీ పిలవకుండా తరువాతి పేరుకు వెళ్లిపోయారు. ఇంకెవరో లేచి స్టేజీ ఎక్కారు. చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. ఆ చప్పట్ల కింద అమ్మ, నానమ్మ మాట్లాడుకున్నారు.

"నువ్వా? నీ కొడుకు కాడేటి ఆడు?"

"నా కొడుకే. అందుకే నాను సెప్పినాను. ఇంకెవులు సెప్తారు?"

"ఆడు వస్తాడు అత్తా."

"మీ మావా వస్తాడనే సూసినాను నాను" అంది నానమ్మ. తాతయ్య కూడా సముద్రంలోనే పోయాడని నాకు తెలుసు. శవం దొరకలేదని మాత్రం అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. "గాజులు తియ్యనేదు. బొట్టు తియ్యనేదు. కొండబాబు మీసాలొచ్చిందాకా అలగే ఉన్నాను. ఒక్కర్తయినా నా దగ్గరికొచ్చి కూకుందేటి? పేరంటానికి పిలవనేదు, మొగుడున్నాడో నేడో తెల్దని. సావింటికి పిలవనేదు, నా మొగం సూస్తే ఏటనాలో తెల్దని. ఏడుద్దామంటే, ఆడింకా బతికే ఉన్నాడు కదా, ఏడిస్తే అపశకునం కదా అని నోట్లో గుడ్డ కుక్కుకున్నాను. నాకు పోయిన మనిషి కంటే అదే ఎక్కువ బాద తులసీ."

అమ్మ నానమ్మ చేతుల వైపు చూసింది.

"నాకు ఒక కొడుకే" అంది నానమ్మ. "ఆడు పోనాడని నా నోటితో నాను జగన్నాధం గారికి సెప్పినాను. కడుపులో ఎంత బాద ఉంటే సెప్పినానో సూడు."

ఆఖరి పేరు కూడా అయిపోయింది. స్టేజీ మీద ఒక చీర, ఒక సంచి మిగిలాయి. జగన్నాధం గారు వాటిని చూడనట్టు మైకు సర్దుతున్నారు. అమ్మ నా చెయ్యి వదిలి లేచింది. ఎవరూ పిలవలేదు, తనే వెళ్లింది. మెట్లెక్కుతుంటే పాస్టరమ్మగారు చెయ్యి అందించారు. పెద్దాయన చీర ఇచ్చారు. ఫొటో తీసే అతనికి ఏమీ తెలియదు. అందరికీ చెప్పినట్టే, "ఇటు సూడమ్మా, కొంచెం నవ్వు" అన్నాడు. అమ్మ అటు చూసింది.

వెనక వరసలో ఎవరో అలవాటుగా చప్పట్లు మొదలుపెట్టి, వెంటనే ఆపేశారు.

అమ్మ కిందకు దిగేసరికి తవిటమ్మ అత్త ఎదురెళ్లింది. ఆమె ఒడ్డున అమ్మ పక్కనే గంప పెట్టుకుని కూర్చునే మనిషి. ఇన్నాళ్లూ చేపల ధర తప్ప ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు అమ్మను రెండు చేతులతో పట్టుకుని, "తల్లీ, నీ దగ్గిరికి రావాలని ఎన్నిసార్లు అనుకున్నానో, నీ గుమ్మం దాకా వచ్చి ఎనక్కెల్లిపోనానే" అంటూ ఏడ్చింది. తరువాత ఇంకొకరు వచ్చారు. తరువాత అందరూ. అమ్మ వాళ్ల మధ్యలో నాకు కనబడలేదు. గొంతు మాత్రం వినబడింది. అమ్మ అలా ఏడవడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

నా చేతిలోకి చీర ఎప్పుడు వచ్చిందో తెలియదు. దాన్ని పట్టుకుని ఒక్కదాన్నే నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంతమంది కలిసి నాన్న లేడని ఒప్పేసుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు.

నానమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

"నాన్న రాడని నీకు ఎలాగ తెలుసు?" అన్నాను.

"నాకు తెల్దే గుంటా" అంది. "మీ అమ్మ బతకాలి కదేటి."

విందులో భోజనాలకు బంతులు వేశారు. సూరయ్య మావ సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డిస్తున్నాడు. నాన్న పోయినప్పటినుంచి ఆయన మా వీధి తప్పించి తిరుగుతున్నాడు. మా వరస దగ్గరకొచ్చి, అమ్మను చూసి, వెనక్కు తిరగబోయాడు.

"సూరయ్యా, నాకు పొయ్యవేటి?" అంది అమ్మ.

ఆయన పోశాడు. సాంబారు విస్తరి దాటి పోయింది.

"ఆకరికి ఏటన్నాడు?" అంది అమ్మ. ఇన్నాళ్లూ ఆయన్ను ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఆఖరు అనే మాటే మా ఇంట్లో ఎవరూ అనకూడదు.

సూరయ్య మావ బకెట్టు కింద పెట్టాడు. "బోటు ఒరిగిపోతన్నాది, వల వదిలీ రా అన్నాను అక్కా. కొత్త వల కదరా అన్నాడు. అంతే. కెరటం వచ్చినాది."

అమ్మ అన్నం కలుపుతూ ఆగింది. "కొత్త సొక్కా కూడా ఆడు అలగే దాసుకుంటాడు, చిరిగిపోద్దని" అంది. తరువాత, "కూకో, నువ్వూ తిను" అంది. ఆయన కూర్చోలేదు. బకెట్టు తీసుకుని తరువాతి వరసకు వెళ్లాడు. వడ్డిస్తూనే భుజంతో ముఖం తుడుచుకున్నాడు.

సాయంత్రం పాస్టరుగారు మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మే ముందుగా అంది, "పండగెల్లినాక కూడిక పెట్టండి" అని. ఆయన ప్రార్థన చేశారు. వెళ్తూ వెళ్తూ, ఫ్లెక్సీకి ఒక ఫొటో వాట్సాప్‌లో పంపమన్నారు.

అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టింది. "మంచిది ఒకటి ఏరు."

ముగ్గురం అరుగు మీద కూర్చుని చూశాం. నాన్న ఫొటోలన్నీ ఎండలో తీసినవే. ఒడ్డున, బోటు మీద, ఐసు గోనెల పక్కన. అన్నిట్లోనూ కళ్లు చిట్లించుకునే ఉన్నాడు.

"ఒక్కదాంట్లో అయినా కళ్లు తెరిసినాడేటి చూడు" అంది అమ్మ.

"నీటి మీద తిరిగినోల్ల కళ్లు అలగే ఉంటాయి" అంది నానమ్మ. "ఇదిగో, ఇది బాగున్నాది."

"అందులో నవ్వుతన్నాడు. కూడికలో నవ్వితే బాగోదు."

"నవ్వనీయే. ఆడు ఏడిసిన ఫొటో ఎక్కడ తెస్తావు?"

అమ్మ ఫోన్ తీసుకుని కొంచెం దూరంగా పెట్టి చూసింది. మళ్లీ నాకు ఇచ్చేసింది. "ఇదే అంపీ" అంది.

ఆ ఫొటోలో పక్కన సూరయ్య మావ ఉన్నాడు. నాన్న ఒక్కడే కనబడేలా కోశాను. ఎంత కోసినా భుజం మీద ఉన్న సూరయ్య మావ చెయ్యి పోలేదు. దాన్ని అలాగే ఉంచాను. పాస్టరుగారి నంబరు తెరిచి, ఫొటో పెట్టి, పంపడానికి వేలు పెట్టబోయి ఆగిపోయాను. అమ్మ నా వైపే చూస్తోంది. తొందరపెట్టలేదు.

నొక్కాను. ఫొటో వెళ్లింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.