మిల్లు మూతపడ్డాక

మిల్లు మూతపడి పని పోయాక కొన్నాళ్లకు నాన్న ప్రాణం తీసుకున్నాడు. ఆ ఉదయం "ఎన్నాళ్లిలా గోడకేసి చూస్తూ కూర్చుంటారు?" అని అమ్మ విసుక్కుంది. తనవల్లే పోయాడని అప్పటినుంచీ లోలోపల కుమిలిపోతోంది.

కాలేజీలో సోషియాలజీ మేడమ్ ఈ రోజు, ఫ్యాక్టరీలు మూతపడిన చోట ఇలాంటి చావులు పెరుగుతాయని, వాటిని ఒక ఇంటి తప్పుగా చూడకూడదని చెప్పింది. బస్సు దిగి ఇంటికి పరుగెత్తాను. అమ్మ కుట్టుమిషన్ ముందు ఉంది.

"నీ తప్పేం లేదమ్మా. పనులు పోయిన ఊళ్లన్నిటా ఇలాగే జరుగుతోందట."

అమ్మ మిషన్ ఆపి అంతా విన్నది. నా తల నిమిరింది.

"మీ మేడమ్ చెప్పింది నిజమేలే తల్లీ. కానీ మీ నాన్న చివరగా విన్నది నా మాటే కదా."

అమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.