క్లారీ ఎత్తిన వేలు

మార్చిలో ఒక ఆదివారం తెల్లవారుజామున ప్రభుత్వం రోడ్డు రూలు మార్చింది. న్యూజీలాండ్ అంతా ఆ రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుని బండ్లు నడిపింది, ఒక్క క్లారీ తప్ప.

పాత రూల్లో, ఎడమకు తిరిగే బండి ఆగి, ఎదురుగా వచ్చి అదే రోడ్డులోకి కుడికి తిరిగే బండికి దారి ఇచ్చేది. ఇప్పుడు కుడికి తిరిగేవాడే ఆగాలి.

"నాన్నా, ఇకనుంచి నువ్వే ఆగాలి. టీవీలో అంతలా మొత్తుకుంటున్నారుగా," అంది కూతురు గేలీన్, రొట్టెకు వెన్న రాస్తూ.

"వెల్లింగ్టన్‌లో కూర్చున్న మంత్రెవడో చెబితే నేను ఆగాలా? నీకు డ్రైవింగ్ నేర్పిందెవరే?"

"నువ్వే. అదే నా భయం."

"పోవే! నన్ను గుద్దే మొనగాడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదులే."

గేలీన్ పాల ట్యాంకరు నడుపుతుంది. పొద్దున్నే నిండు పాలతో కొండ దిగి, ఫ్యాక్టరీ రోడ్డులోకి ఎడమకు తిరుగుతుంది. సరిగ్గా ఆ వేళకే క్లారీ ఎదురునుంచి వచ్చి, పేపరు కోసం అదే రోడ్డులోకి కుడికి తిరుగుతాడు. రూలు మారిన మర్నాడు ఆయన వేగమైనా తగ్గించలేదు. గేలీనే బ్రేకు తొక్కింది. ఆయన స్టీరింగు మీద నుంచి ఒక వేలు ఎత్తి, ఆ పల్లెల్లో అందరూ పలకరించుకునే తీరులో పలకరించి, దర్జాగా తిరిగిపోయాడు.

ఆ సాయంత్రం గట్టిగా అడిగింది. "మరి నువ్వే ఆగావుగా!" అన్నాడు క్లారీ.

ఆ తర్వాత గేలీన్ రోజూ ఆగింది. తండ్రితో గొడవకంటే అదే హాయి. ఆగితే తన సొమ్మేం పోయింది? ఆ వేలు చూస్తే ముద్దొచ్చేది కూడా. మంచితనం ఎంత పాడు పని చేయగలదో ఆమె ఆలోచించనే లేదు.

ఏప్రిల్‌లో పన్ను నొప్పితో బుగ్గ వాచి సెలవు పెట్టింది. కొండ కింద వేరే ఇంట్లో ఉంటున్న తండ్రికి ఆ సంగతి చెప్పలేదు. పట్నం నుంచి కొత్తగా వచ్చిన బెవన్ ఆమె ట్యాంకరు తీసుకున్నాడు.

"నీ బండి మీద గీతైనా పడనివ్వన్లే గేలీన్. అంతా రూలు ప్రకారమే పోతా," అన్నాడు ఫోన్లో.

ఆమె నవ్వింది. పంటి డాక్టరు దగ్గరికి తన కారులో బయల్దేరింది. కొండ దిగుతుంటే ముందు తన ట్యాంకరే కనిపించింది. దాని ఎడమ లైటు కొట్టుకుంటోంది.

అప్పుడు గుర్తొచ్చింది. బెవన్ ఆగడు. అతను ఆగాల్సిన పని లేదు. తను ఆగుతున్న సంగతి అతనికి చెప్పనే లేదు.

హారన్ మీద అరచెయ్యి వేసి తియ్యలేదు. వెనక ఎవరికో తొందరనుకున్నాడు కాబోలు, బెవన్ ట్యాంకరును చకచకా ఎడమకు తిప్పాడు. అడ్డు తొలిగి అవతల తండ్రి నీలం కారు కనిపించింది.

"నాన్నా, ఆగు!" అని అరిచింది.

క్లారీ చూపు ట్యాంకరు మీదే ఉంది. అందులో ఉన్నది కూతురే కదా. ఎప్పటిలాగే ఆమెకోసం వేలు ఎత్తి, కారును కుడికి తిప్పాడు.