దండెం మీద ఆరిన అక్షరాలు

సాంచలు ఆగిపోయి రెండు నెలలు కావస్తోంది. పరాయి రాష్ట్రంలోని ఈ నవాగామ్ గల్లీల్లో ఇరవై ఏళ్లుగా రాత్రీపగలూ దడదడలాడిన మరమగ్గాలు నోరు మూసుకున్నాక, ఆ మే నెల మధ్యాహ్నాలు ఎంతకీ గడిచేవి కావు. ఏ మూల చూసినా నిద్రలో ఉన్నట్టే ఉండేది. పరుశురాం ఏం తోచక ఉన్న ఒక్క గదినీ రోజుకు మూడుసార్లు ఊడ్చేవాడు. భార్య తిరుమల మార్చిలో చుట్టాల పెళ్లికని సిరిసిల్ల పోయి, లాక్‌డౌన్‌తో అక్కడే చిక్కుబడింది. ఇక్కడ మిగిలింది తనూ, డిగ్రీ చదివే కూతురు వినోదా.

ఆ రోజు నాలుగు గంటలకు వినోదకు టైపింగ్ పరీక్ష. ఇంట్లోనే కూర్చుని ఒక చీరల కంపెనీ ఆర్డర్లు కంప్యూటర్లో ఎక్కించే ఉద్యోగం. నిమిషానికి ముప్పై మాటలు కొడితే ఉద్యోగం వస్తుంది, చదువూ సాగుతుంది. లేదంటే ఎల్లుండి కూలీల రైలెక్కి ఊరికి పోవడమే, చదువు అంతటితో సరి. రైలు జాబితాలో ఇద్దరి పేర్లూ రాయించింది పరుశురామే. రాయించిన దగ్గర్నుంచీ కూతురి మొహం చూడలేకపోతున్నాడు.

"బాపూ, మీటలు పట్టేస్తున్నయ్. ఒకటి గొడితే రెండు పడుతున్నయ్," అని విసుక్కుని, అన్నం తిని పడుకుంది వినోద. "మూడున్నరకు లేపు."

పట్టేయక ఏం చేస్తాయి! అసలే పాత కీబోర్డు, పైగా గది కిందే మగ్గాల షెడ్డు. ఎంత తుడిచినా దారపు నూగు ఎక్కడో ఒకచోట దూరుతుంది. పరుశురాం చప్పుడు కాకుండా దాన్ని చంకన పెట్టుకుని మేడ మీదికి పోయాడు.

అంకెల వరసనూ, పొడుగు మీటలనూ అలాగే ఉంచి, చెంచా తోకతో మిగతావి ఎడమ నుంచి ఒక్కొక్కటే పెకలించాడు. ఇంగ్లీషు చదవడం రాదు, అక్షరాల పేర్లు తెలియవు. వరస తెలిస్తే చాలదా అనుకున్నాడు. ఆయన బతుకంతా వరసే మరి. మగ్గం వెనక కూర్చుని, అయిపోయిన పోగులకు కొత్త పోగులు ముడివేయడం ఆయన పని. వేల పోగుల్లో ఒక్కటి తప్పినా బట్ట పాడవుతుంది. పరుశురాం చేతిలో ఎన్నడూ తప్పలేదు, ఆ గర్వం ఆయనకు కొంచెం ఎక్కువే. అందుకే మీటల కింది బుడిపెలకు దారం చుట్టి, మల్లెలు కట్టినట్టు మూడు వరసలకూ మూడు దండలు కట్టాడు. సబ్బునీళ్లలో ముంచి దండెం మీద వేలాడదీశాడు.

వెనక స్క్రూలు విప్పితే లోపల పలచని రేకులు, మెత్తని రబ్బరు మొగ్గలు, వాటి చుట్టూ నూగు. పచ్చది, గులాబీది, మధ్యమధ్య జరీ తళుకు. ఎందరు కట్టుకున్న చీరలో! బ్రష్షుతో రాల్చి అరచేతిలోకి తీసుకుని ఊదాడు. అది కింద పడకుండా ఎండలో అలా నిలబడిపోయింది. దానివంక చూస్తూ గోడకు ఆనుకున్నాడు. పొగలేని ఆకాశం ఎంతో దగ్గరికి వచ్చినట్టుంది. దండెం మీద అక్షరాలు ఊగుతున్నాయి. ఊగి ఊగి అవి మేడలన్నీ దాటి పోగులుగా సాగాయి, తను వాటికి ముడులు వేస్తూ పోతున్నాడు, ముడి వేసిన చోటల్లా చల్లగా గాలి వస్తోంది.

కాళ్లు చుర్రుమంటే కళ్లు తెరిచాడు. నాలుగు కావడానికి పావుగంటే ఉంది! గబగబా స్క్రూలు బిగించి, అలవాటు ప్రకారం వైరున్న వైపు, అంటే వెనకవైపు కూర్చుని, తన ఎడమ నుంచి మీటలు నొక్కేసి కిందికి పరుగెత్తాడు.

వినోద కళ్లు నులుముకుంటూ రెండు మీటలు కొట్టి చూసి గొల్లుమంది. "బాపూ, ఏం జేసినవ్? అన్నీ ఉల్టా వెట్టినవ్! మీటలు పాత జాగలనే పనిజేస్తున్నయ్, మీది అక్షరాలే మారినయ్!"

మగ్గం వెనక కూర్చున్నవాడి ఎడమ, ముందున్నవాడికి కుడి. ఆ మాట అప్పుడు తట్టింది ఆయనకు. చెంచా కోసం వంగేలోపే కంప్యూటర్లోంచి పరీక్ష పెట్టే ఆవిడ గొంతు, "తయ్యార్ హో, బేటా?" అంది.

"చూడకుండ గొట్టుడు నాకు రాదు బాపూ," అంది వినోద ఏడుపు గొంతుతో. టైపింగ్ సెంటర్‌లో మాస్టారు నెత్తీనోరూ కొట్టుకున్నా కిందికి చూసే అలవాటు పోలేదు ఆ పిల్లకు.

పరుశురాం భుజం మీది తువ్వాల తీసి ఆమె చేతుల మీద కప్పాడు. "జూడకు బిడ్డా. నీ చేతి ఏళ్లకు ఎరుకే. ముడేసేటప్పుడు నేను జూస్తనా? జూస్తే తప్పుత."

కెమెరాకు కనబడకుండా కంప్యూటర్ వెనక నేల మీద కూర్చున్నాడు. మొదట మీటల చప్పుడు ఆగి ఆగి వచ్చింది. తర్వాత సన్నటి వానలా పట్టుకుంది. కూతురి కళ్లు తెర మీదే ఉన్నాయి, ఒక్కసారి కూడా కిందికి వాలలేదు. ఆయనకు ఊపిరి తీసుకోవడం కూడా భయమేసింది.

"ముప్పై మూడు," అంది వినోద కాసేపటికి, నమ్మలేనట్టు. "సోమవారం నుంచి పని మొదలువెట్టమన్నరు బాపూ."

ఆయన చెంచా అందుకుని మీటలు సరిచేయబోయాడు. వినోద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్. గిట్లనే ఉండనియ్."

"ఉల్టా ఉన్నయ్ గద బిడ్డా!"

"ఉంటే ఉండనియ్. కిందికి జూసుడు బందైంది."

తన పనిలో తప్పును అలాగే ఉంచమన్న మనిషి ఇన్నేళ్లలో ఈ పిల్లే. పరుశురాంకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. వాకిట్లోకి పోయి, రైలు జాబితా రాసే సోమలింగానికి ఫోన్ చేశాడు.

"మా రెండు పేర్లు కొట్టెయ్యే అన్నా," అన్నాడు. అవతలి మనిషికి సరిగ్గా వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.