నిలబడి మాట్లాడే పేషెంట్లు

ఏడేళ్ళుగా యూరాలజీ కాన్ఫరెన్సులకి వెళ్తున్నాను. ఏడేళ్ళూ నాకు పోస్టరే ఇచ్చారు. పోస్టరంటే, చేసిన పరిశోధనంతా ఒక ఫ్లెక్సీ మీద అచ్చేయించి, కాఫీ కౌంటరు పక్కన తగిలించి, దాని ముందు టై కట్టుకుని రెండు గంటలు నిలబడాలి. చేతిలో పకోడీల ప్లేటుతో వచ్చేవాళ్ళు బాత్రూం ఎటని అడిగి వెళ్ళిపోతారు. నన్ను అడగాల్సిన ప్రశ్నే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఈసారి మాత్రం వేదిక ఇచ్చారు. పెద్ద హాల్లో ఎనిమిది నిమిషాలు. నా గుంటూరు ఆసుపత్రిలో లేజర్‌తో ప్రోస్టేటు ఆపరేషన్ చేయించుకున్న నూట పద్దెనిమిది మందిలో, ఏడాది తర్వాత ఒక్కరికి కూడా మూత్రం లీకవడం లేదు. సున్నా. ఆ సున్నాని చూసే పిలిచారు. మా ఇంట్లో ఆ మెయిల్ ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. సిగ్గుపడాల్సిన వయసే, అయినా అంటించాను.

కాన్ఫరెన్సుకి పది రోజుల ముందు యలమంద వచ్చాడు. దర్శి దగ్గర మిరప రైతు, అరవై ఆరేళ్ళు. ఏడాది చెకప్. లోపలికొచ్చి నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చో పెద్దాయనా."

"పర్లేదండీ. నిలబడతా."

మా పక్క రైతుల మర్యాద అది. కుర్చీ చూపించినా చాలామంది కూర్చోరు. కాన్ఫరెన్సుల్లో దొరకని గౌరవం నాకిక్కడ దొరుకుతోందని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

"ఎలా ఉంది మరి?"

"మీ చలవండీ. బ్రహ్మాండంగా ఉంది."

"దగ్గినా తుమ్మినా లీకవడం లాంటిదేమన్నా?"

"అబ్బే, అట్టాంటిదేం లేదండీ."

పక్కనే కూర్చున్న సిద్దికా ఫారంలో టిక్కు పెట్టింది. స్టాటిస్టిక్స్ చదివిన అమ్మాయి. రెండేళ్ళుగా నా పరిశోధన కాగితాలన్నీ తనే చూస్తోంది. యలమంద దణ్ణం పెట్టి వెళ్ళాడు.

తలుపు మూసుకోలేదింకా, ఆయన భార్య పున్నమ్మ లోపలికొచ్చింది.

"డాక్టరు గారూ, ఆయన చెప్పిందంతా అబద్ధం. ఉతికేది నేను కదండీ, నాకు తెలవదా? కళ్ళంలో కాయలు ఎండబోసిన కాడి నుంచీ ఆ ఘాటుకి తుమ్ముతానే ఉంటాడు. తుమ్మినప్పుడల్లా లుంగీ మార్చాలి. ఇయాళ బస్సులో సీటు ఉండి కూడా మూడు గంటలు నిలబడే వచ్చాడు. తడుస్తదని బయం."

"నాకెందుకు చెప్పలేదమ్మా మరి?"

"మీ ముందర కూడా నిలబడే ఉన్నాడు గదండీ. ఇంకెట్టా చెప్పాల?"

ఆమె వెళ్ళాక ఆ ఖాళీ కుర్చీ వైపు చూశాను. ముందు యలమంద మీద ఒళ్ళు మండింది. ఏడాది పాటు నన్ను వెధవని చేశాడనిపించింది. తర్వాత ఈ రెండేళ్ళలో నా బల్ల ముందు నిలబడ్డ మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మర్యాద అనుకున్నాను. వాళ్ళ మర్యాద కాదది, నా పొగరు.

"సిద్దికా, అందరికీ మళ్ళీ ఫోన్ చెయ్యాలి. ఈసారి ఇంట్లో ఆడవాళ్ళతో మాట్లాడు" అన్నాను.

సిద్దికా పెన్ను కింద పెట్టింది. "మొదట్లోనే చెప్పాను సార్, మగాళ్ళు మన ముందు ఈ విషయం చెప్పరని. నా పేషెంట్లు నాతో అబద్ధం చెప్పరన్నారు మీరు."

అన్నాను. నిజమే.

నాలుగు రోజులు ఫోన్లు చేసింది. పున్నమ్మ లాగే ఆడవాళ్ళు దాపరికం లేకుండా చెప్పారట. కొందరైతే ఇన్నాళ్ళకి అడిగారా అని తిట్టారట. లెక్క తేలింది. ఇరవై ఒక్క మంది. ఎక్కువమంది మిరప కళ్ళాల్లో తుమ్ముతున్నవాళ్ళూ, పత్తి బస్తాలు ఎత్తుతున్నవాళ్ళూ.

గురునాథం గారికి ఫోన్ చేశాను. నాకు చదువు చెప్పిన ప్రొఫెసర్, ఈ పేపర్లో ఆయన పేరు కూడా ఉంది, ఆ హాల్లో జరిగే సభకి అధ్యక్షుడు కూడా ఆయనే.

"జయదేవ్, ఎనిమిది నిమిషాల్లో నిన్నెవడడుగుతాడయ్యా? స్లైడ్లు కదపకు. ఇరవై ఒకటీ పట్టుకుని వచ్చే ఏడాది ఇంకో పేపరు రాయి. రెండు పేపర్లవుతాయి."

"సున్నా తప్పని తెలిశాక ఎలా చదవను సార్?"

"తెలియకముందు బాగానే చదివేవాడివిగా? అలాగే చదువు."

చెప్పొద్దూ, ఒక పూటంతా ఊగిసలాడాను. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఆ మెయిల్ కనపడేది. సాయంత్రం దాన్ని పీకేసి, మారిన లెక్కతో కమిటీకి రాశాను. అరగంటలో జవాబొచ్చింది. ముఖ్య ఫలితమే మారిపోయింది గనుక నా సమయం వేరేవారికి ఇస్తున్నారు. కావాలంటే పోస్టరు పెట్టుకోవచ్చు. ఏడేళ్ళలో ఇంత తొందరగా జవాబివ్వడం అదే మొదలు.

పెట్టుకున్నాను. మళ్ళీ అదే కాఫీ కౌంటరు, అదే టై. హాల్లోంచి చప్పట్లు వినపడుతున్నాయి. నా స్థానంలో ఎక్కినవాడు ఏం సున్నా తెచ్చాడో తెలియదు. పోస్టరు చదివినవాళ్ళు ఇద్దరు. ఒకాయన ఇరవై ఒకటి దగ్గర వేలు పెట్టి, "మీ చెయ్యింకా తిరగాలండీ" అని జాలిపడ్డాడు. మీరు ఎవర్ని అడిగారండీ అని కేకెయ్యాలనిపించింది. రెండు గంటలు నిలబడేసరికి నడుం లాగేసింది. కూర్చోబోయి, దర్శి నుంచి గుంటూరుకి మూడు గంటలు కదా అని ఆగాను.

తిరిగొచ్చాక యలమందని పిలిపించాను. కుర్చీలో ఆపరేషన్ థియేటర్ పచ్చగుడ్డ ఒకటి మడతేసి పరిచి ఉంచాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. మొహం కందిపోయింది.

"మా ఇంటిది చెప్పిందా?"

"చెప్పింది. చాలావరకు కసరత్తులతో తగ్గుతుందయ్యా ఇది. ఏడాదిగా నేను అడుగుతూనే ఉన్నానుగా, ఎందుకు దాచావు? నీ మాట నమ్మి నేను దేశం ముందర అబద్ధం చదవబోయాను!"

కోపంలో గొంతు పెరిగింది. యలమంద తల దించుకోలేదు.

"అడిగేటప్పుడు మీ మొకం ఎట్టా ఉంటదో మీకు తెలవదండీ. పరీచ్చ రిజల్టు కోసం చూసే పిలగాడిలాగా చూత్తా ఉంటారు. బాగుందంటే ఎలిగిపోద్ది. అట్టాంటి మొకం మీద బాగాలేదని ఎట్టా చెప్పేదండీ?"

పోయింది వేదిక అని ఇన్నాళ్ళూ కుమిలిపోయానే, ఈ మనిషి నా మొహం చిన్నబోకూడదని ఏడాది పాటు తడిబట్టతో తిరిగాడు.

ఫారం తీసి, ఆయన మొహం వైపు చూడకుండా పెన్ను పట్టుకున్నాను.

"రోజుకెన్నిసార్లు, పెద్దాయనా?"

కుర్చీ కిర్రుమంది. యలమంద పచ్చగుడ్డ మీద కూర్చున్నాడు.

"రాసుకోండి" అన్నాడు.