గడియకు అవతలివైపు

మా ఇంటిపేరు ఉబుకాత. సుగిసవ ఊళ్ళో ఈ పేరు వింటే ముందు మేం సోయాపాలు విరిచి చేసే టోఫు గుర్తుకొస్తుంది, ఆ వెంటనే కోట గుర్తుకొస్తుంది. నాలుగు వందల ఏళ్ళ కిందట శత్రువులు కోటను ముట్టడించినప్పుడు పెద్ద ద్వారం గడియను లోపలినుంచి తీసినవాడు మా పూర్వీకుడే. ఎందుకు తీశాడో ఎవరికీ తెలియదు. తీశాడన్న సంగతి మాత్రం ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఏటా ఆకులు ఎర్రబడే రోజుల్లో ఊరంతా కోటకు వెళ్తుంది. ద్వారం మూసి, దూలమంత గడియను అందరూ కలిసి తోస్తారు. ఆ సమయానికి ఉబుకాత ఇంటివాళ్ళు బయట నిలబడి ఉండాలి. గడియ పడ్డాక పక్కనున్న చిన్న తలుపు తీసి, చేతిలో దంచిన అన్నంతో చేసిన మోచి ముద్ద పెట్టి, మమ్మల్ని లోపలికి పిలుస్తారు. తిట్టరు, కొట్టరు, అంతా నవ్వుతూనే చేస్తారు. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్ళు మండిపోయేది.

నాన్నకు మంట లేదు, కోరిక ఉంది. "ఆ గడియ మీద ఒక్కసారి చెయ్యి వేసి తొయ్యాలే తోవా, చచ్చేలోగా ఒక్కసారి" అనేవాడు, సోయా గింజలు కడుగుతూ.

ఇలాంటివి మా దగ్గర ఎవరూ నేరుగా వెళ్ళి అడగరు. నేరుగా అడిగితే, అవతలివాళ్ళు మొహం మీద కాదనలేక ఇబ్బంది పడతారు. అందుకని మధ్యలో ఒక మనిషిని పంపాలి. ఆ మనిషి ఏ జవాబు తెస్తే అదే జవాబు. నిజమో కాదో వెళ్ళి కనుక్కున్నామంటే ఆ మనిషి పరువు తీసినట్టే.

నేను పంపింది కినుయోను. ఆనాటి ముట్టడిలో గడియను కాపాడుతూ చనిపోయినవాడి వంశం దానిది. కోట చూడవచ్చినవాళ్ళను తిప్పి కథలు చెప్పడం, ఉత్సవంలో మాకు మోచి అందించడం దాని పని. అంతకు ముందునుంచీ అది నా స్నేహితురాలు. చిన్నప్పుడు కోట ఆట ఆడుతుంటే, "దీన్ని రానివ్వకండర్రా, తలుపు తీసేస్తుంది!" అని పిల్లలంతా గోల చేసేవాళ్ళు. నా చెయ్యి పట్టుకుని, "ఇది నా పక్కన ఉంటుంది, ఎవరొస్తారో రండి చూస్తాను" అన్నది కినుయో ఒక్కతే. దానికోసం ప్రాణం ఇమ్మన్నా ఇచ్చేదాన్ని.

ఏటా ఉత్సవం ముందు అది కమిటీ దగ్గరికి వెళ్ళేది. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేది. "పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదే. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాలే." నేనే దాన్ని ఓదార్చేదాన్ని! నాకోసం ఎన్ని మాటలు పడిందో పాపం అనుకుని, అప్పుడే తీసిన వేడి వేడి టోఫు గిన్నెలో పెట్టి పంపేదాన్ని. నాన్నేమో "పోనీలే, బయట గాలి బాగుంటుంది" అని నవ్వేసి, మళ్ళీ ఏడాదికి తన నల్ల కోటు ఇస్త్రీ చేసుకునేవాడు.

ఈ వసంతంలో నాన్న పోయాడు.

ఉత్సవానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. నాన్న కోటు వేసుకుని, దాని చేతులు పైకి మడిచి, గోడ పక్కన ఆయన ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. ద్వారం మూసే ముందు కమిటీ పెద్ద ఇగరాషి గారు బయటికి వచ్చి తల వంచారు.

"ఒక్క మాట అడగనా అమ్మా? కోపం తెచ్చుకోవద్దు."

"అడగండి."

"మీ నాన్నగారు లోపలికి ఎందుకు రానన్నారు? ఈ పాత పద్ధతి ఇంక చాలు, మీరూ వచ్చి గడియ పట్టండి అని మేం ఎన్ని ఏళ్ళుగా కబురు పెడుతున్నామో! బయట నిలబడటమే మా ఇంటి గౌరవం, బలవంతం చెయ్యొద్దు అని జవాబొచ్చేది. ఇంక మేం ఏమనగలం?"

"ఎవరిచేత పెట్టారండీ కబురు?"

"ఇంకెవరిచేత? కినుయోచేతే. మీ ఇంటి మనిషిలాంటిదేగా."

ఇంకా తెరిచే ఉన్న పెద్ద ద్వారంలోంచి లోపలికి వెళ్ళాను. గడియ పక్కన నీలం చొక్కాలో కినుయో నిలబడి, వచ్చినవాళ్ళకు కథ చెబుతోంది. "మా పూర్వీకుడు ఇక్కడే, ఈ గడియను వాటేసుకుని ప్రాణం వదిలాడు..." నన్ను చూసి ఆగిపోయింది. నా మొహం చూడగానే దానికి అర్థమైపోయింది.

"తోవా, అందరూ చూస్తున్నారే."

"చూడనీ. మా నాన్న రానన్నాడా? ఎప్పుడన్నాడే నీతో?"

అది గొంతు తగ్గించింది. "మీవాళ్ళూ మావాళ్ళూ కలిసి ఒకే గడియ పట్టుకుంటే ఇంక మా పూర్వీకుడి కథ ఎవరికి కావాలే? నాకంటూ ఈ ఊళ్ళో ఉన్నది ఆ కథ ఒక్కటే. మీ నాన్నకు పట్టింపు లేదనుకున్నాను. ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవాడుగా."

"నవ్వక ఏం చేస్తాడే? నీ చేతి మోచి తింటూ ఏడవమంటావా?"

"నిన్ను నేను ఏనాడైనా వదిలేశానా? చిన్నప్పటినుంచీ నీ పక్కనే..."

"పక్కనే ఉన్నావు. అందుకే నాకు కనబడలేదు."

దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. నేను పంపిన టోఫు ఏ మొహం పెట్టుకుని తిన్నదో అని మాత్రం అనిపించింది.

ఇగరాషి గారు జనాన్ని పక్కకు జరిపి, "ఈసారి మీరే ముందు చెయ్యి వెయ్యండమ్మా" అన్నారు. వేశాను. ఎన్నో చేతులు తగిలి నున్నబడిన కర్ర చల్లగా ఉంది. నాన్న అడిగింది ఇంతే. ద్వారం రెక్కలు దగ్గరికి వస్తున్నాయి. ఆ సందులోంచి గోడ పక్కన నాన్న చోటు కనబడింది. ఇంక కాస్సేపట్లో నా చేతులతో నేనే ఆయన్ని బయటపెట్టి గడియ వేస్తాను.

చెయ్యి తీసేశాను.

"నేను బయటే ఉంటానండీ. మా నాన్న అక్కడున్నాడు" అన్నాను. కినుయో వైపు తిరిగి, "తొయ్యవే. నీకు అలవాటేగా" అన్నాను.

బయటికి వచ్చి నిలబడ్డాను. నా వెనక గడియ దభేలున పడింది. కాస్సేపటికి చిన్న తలుపు తెరుచుకుంది. మోచి పట్టుకున్న కినుయో చెయ్యి బయటికి వచ్చింది. "తోవా, తీసుకోవే" అంది లోపలినుంచి.

నేను తీసుకోలేదు. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళేదాకా ఆగి, తలుపు నేనే లాగి మూశాను.